కోశాక చేసే సేద్యం

మొన్నామధ్య అంబాజీపేట సెంటర్లో టీ తాగుతుంటే మా ఊరి కుర్రాడొకడు పక్కన చేరాడు. నాన్న పోయాక మూడెకరాల కొబ్బరి తోట చూసుకుంటున్నాడు. "బాబాయ్, అరకు కాఫీ పారిస్‌లో అమ్ముతున్నారంట కదా! మన కొబ్బరి చెట్ల కింద నీడంతా ఊరికే పోతోంది. నాలుగు కాఫీ మొక్కలు తెచ్చి పెడదామా?" అన్నాడు. ఈ మాట నన్ను అడిగినవాళ్లలో అతను మొదటివాడేం కాదు. అందుకని జవాబు ముందే చెప్పేస్తాను. వద్దండి.

ఎందుకు వద్దంటే, అరకులో పండేది అరబికా రకం. దానికి సముద్ర మట్టం మీద తొమ్మిది వందలు, వెయ్యి మీటర్ల ఎత్తుండాలి. రాత్రిళ్లు చలి ఉండాలి. నేల తడిగా ఉండాలి గానీ వేరు దగ్గర నీరు నిలవకూడదు. మరి మనమో! నాలుగైదు మీటర్ల ఎత్తు కూడా లేని కోనసీమ లంక నేలల వాళ్లం. గజం లోతు తవ్వితే ఊట తగులుతుంది. కాలవ కట్టేస్తే తప్ప తోట ఆరదు. రోబస్టా అని ఇంకో రకం ఉంది, అది వేడికి కాస్త ఓర్చుకుంటుంది. దానికి కూడా కాళ్ల కింద నీళ్లు పడవు. మొక్క అయిదారు నెలలు ఆకుపచ్చగా కనబడి మనల్ని మురిపిస్తుంది. ఆ తర్వాత సంగతి వానాకాలం చెబుతుంది.

ఈ మాట చెప్పడానికి రేడియో స్టేషన్ దాకా రావడం ఎందుకని అడగొచ్చు మీరు. మొక్క మనకు పనికిరాదు, నిజమే. ఆ మొక్కను నమ్ముకున్నవాళ్ల దగ్గర నేర్చుకోవలసిన పని మాత్రం ఒకటుంది. నేను వెళ్లి చూసి వచ్చాను. ఆ ముచ్చటే ఈ పూట.

అసలు ఆంధ్ర దేశంలో కాఫీ మొదట వేళ్లూనింది మన గోదావరి మన్యంలోనే. 1898లో బ్రోడీ అనే దొర పాములేరు లోయలో కాఫీ మొక్కలు పెట్టించాడు. మారేడుమిల్లి దాటి భద్రాచలం రోడ్డు పట్టినవాళ్లకు పాములేరు తెలిసే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న మన కోనసీమ వేరే జిల్లా అయ్యే దాకా పాములేరూ, అమలాపురం గడియార స్తంభం సెంటరూ ఒక జిల్లాలోవే. అక్కడి నుంచి పుల్లంగి మీదుగా గూడెం కొండలకు పాకింది కాఫీ. 1960లలో అటవీ శాఖ పెద్ద ఎత్తున తోటలు వేసింది. గిరిజనుల సొంత చేలల్లోకి రావడం ఆ తర్వాతి సంగతి. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ, అదే ఐ.టి.డి.ఏ., మొక్కలిచ్చింది, కాఫీ బోర్డు సాగు నేర్పింది, 1956 నుంచి మన్యం సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థ, అదే జి.సి.సి., కాఫీ కొనడం మొదలుపెట్టింది. ఇవాళ అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాల పైమాటే కాఫీ. అందులో ఎస్టేట్లూ, దొరల బంగళాలూ ఉండవు. ఇంటికి ఎకరం, రెండెకరాలు. ఇంటిల్లిపాదీ చేసుకునే సేద్యం.

కిందటేడు డిసెంబరులో మా బావమరిది కారులో బయల్దేరాం. రావులపాలెం, రాజమండ్రి, తుని, నర్సీపట్నం. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. లంబసింగి దగ్గర పొగమంచుకి ముందున్న లారీ కనబడదు. మనం ఇక్కడ సంక్రాంతికి శాలువా కప్పుకుని అదే చలి అనుకుంటాం! చింతపల్లి దాటి లోపలికి పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్లాక తెలిసినాయన పరిచయం చేసిన ఒక ఇంటికి చేరాం. భార్యా భర్తా, ఆయన తల్లి, బడికెళ్లే ఆడపిల్ల. ఇంటి వెనకనే ఎకరన్నర కాఫీ తోట.

తోట అంటే మన తోటలా వరసలు వరసలుగా ఉంటుందనుకునేరు. అడవిలోకి వెళ్లినట్టే ఉంటుంది. పైన ఆకాశాన్నంటే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. అక్కడక్కడా పనస. వాటి కింద మనిషి ఎత్తుకు మించకుండా తల తుంచి పెంచిన కాఫీ చెట్లు. కాఫీకి నేరుగా ఎండ పడదు, వడకట్టిన ఎండ కావాలి. ఆ ఇంటాయన తండ్రి రోజుల్లో ఆ వాలు మీద పోడు కొట్టేవారట. చెట్టు నరికి, కాల్చి, సామలో రాగులో చల్లుకుని, మూడేళ్లకు మట్టి కొట్టుకుపోతే పక్క కొండకు జరగడం. కాఫీ వచ్చాక చెట్టు నరికితే నష్టం వాళ్లకే. నీడ పోతే పంట పోతుంది మరి. అడవిని కాపాడమని ఏ ఆఫీసరూ వచ్చి చెప్పనక్కర్లేకపోయింది.

మార్చి, ఏప్రిల్లలో ఒక జల్లు పడితే వారం, పది రోజులకు కొమ్మ కొమ్మంతా తెల్లటి పూలు విచ్చుకుంటాయి. మల్లెపూల వాసనట. రెండు మూడు రోజులే ఉంటాయి. ఆ పూత కాయై పండవడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు. నేను వెళ్లేసరికి పళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి, చిన్న రేగుపళ్లంత. అయితే ఒకే కొమ్మ మీద ఎరుపూ, పసుపూ, ఆకుపచ్చా అన్నీ ఉన్నాయి. ఎర్రవి మాత్రమే కోయాలి. మిగతావి వదిలేసి పది, పదిహేను రోజులకు మళ్లీ రావాలి. అలా ఒక్కో చెట్టుకు మూడు నాలుగు సార్లు.

నేనూ నడుముకు బుట్ట కట్టుకున్నాను. అరగంటకు అడుగు నిండింది. ముసలమ్మ నా బుట్టలోకి తొంగి చూసింది. ఏమీ అనలేదు. కింద కూర్చుని, నేను కోసిన పచ్చికాయలన్నీ ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టింది. సగానికి సగం తేలాయి. కొమ్మను గుప్పెట్లో పట్టి ఒక్క లాగు లాగితే పని పది నిమిషాల్లో అయిపోతుంది, చాలామంది ఇదివరకు అలాగే చేసేవారు. పచ్చికాయ గింజ కప్పులోకి వచ్చాక పచ్చిగడ్డిలా, వగరుగా ఉంటుంది. బుట్టలో పచ్చివి ఎక్కువైతే ఎర్రవాటి రుచీ పోతుంది.

ఆఖరి కోతకు మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది. అప్పుడు చెట్టు మీద ఒక్క కాయ మిగలకూడదు, నేల రాలినవి కూడా ఏరాలి. కాయ తొలిచే పురుగు ఒకటుంది, మిగిలిపోయిన పండులో దాక్కుని వచ్చే పంట దాకా బతికేస్తుంది. ఇన్నేళ్లూ ఆ కొండలకు రాని పురుగు 2025లో అరకు వైపు కనబడింది. పాపం, అప్పట్నుంచి నేల ఊడ్చే పని ఇంకా ఎక్కువైంది.

కోత మధ్యాహ్నానికి అయింది. మన దగ్గరైతే భోంచేసి కునుకు తీస్తాం. వాళ్లకు అసలు పని అప్పుడే మొదలైంది.

ముందు పళ్లన్నీ నీళ్ల తొట్లో పోశారు. మంచివి మునిగాయి, తేలినవాటిని జల్లెడతో తీసి పారబోశారు. మన వడ్లలో తాలు చూస్తాం చూడండి, అదే లెక్క. తర్వాత పల్పర్. చేత్తో తిప్పే చిన్న మిషను. పై గరాటులో పళ్లు పోసి, పిల్ల చెంబుతో నీళ్లు పోస్తుంటే తండ్రి తిప్పాడు. ఎర్రతొక్క ఒక పక్కకు, గింజ ఒక పక్కకు. నేనొక పండు తీసి వేళ్లతో నొక్కాను. రెండు గింజలు చటుక్కున జారి అరచేతిలో పడ్డాయి. నోట్లో వేసుకుంటే సీతాఫలం గింజ చప్పరించినట్టు తియ్యగా, జిగురుగా ఉంది. ఆ జిగురు నీళ్లతో కడిగితే పోదు. పులియాలి.

గింజల్ని తొట్లో వేసి మూత పెట్టి వదిలేశారు. "ఎంతసేపుంచాలి?" అన్నాను. "చలిని బట్టి బాబూ" అన్నాడాయన. వెచ్చగా ఉంటే ఒక రోజు, చలెక్కువైతే రోజున్నర. గడియారం చూసి చేసే పని కాదట. మర్నాడు సాయంత్రం ఆయన తొట్లో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి నలిపాడు, నా చేతిలోనూ పెట్టాడు. జారలేదు. గరగరమంది, ఏటి ఒడ్డున చిన్న గులకరాళ్లు నలిపినట్టు. అదీ గుర్తు. అప్పుడు మూడు నాలుగు నీళ్లు మార్చి కడిగారు.

ఆ గుర్తు దాటిపోతే ఏమవుతుందో మనవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లారగట్ల దింపిన తాటికల్లు ఎలా ఉంటుంది, మిట్టమధ్యాహ్నానికి ఎలా ఉంటుంది? అంతే తేడా. గింజకు పట్టిన పులుపు ఇక ఎండబెట్టినా పోదు, వేయించినా పోదు.

కడిగిన గింజ మీద పల్చటి పెంకు ఉంటుంది, దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. నేల మీద ఆరబోయకూడదు. నాలుగు గుంజలు పాతి, వల పరిచి మంచెలాంటిది కట్టారు. గాలి కింద నుంచీ తగులుతుంది. గంటకోసారి చేత్తో కలపాలి. మిట్టమధ్యాహ్నం ఎండ మరీ గట్టిగా ఉంటే కప్పాలి, లేకపోతే పెంకు పగులుతుంది. రాత్రి మంచు పడకుండా బరకం కప్పాలి. ఎనిమిది, పది రోజులు ఇదే పని. ముసలమ్మ రోజుకో గింజ పంటికింద పెట్టి కొరికి చూస్తుంది. మెత్తగా నొక్కుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. టక్కుమంటే సంచికి ఎత్తేయొచ్చు. తేమ కొలిచే మిషనులో అది పది, పదకొండు శాతం. ఆవిడకు శాతం తెలియదు, పన్ను తెలుసు.

ఇంత చేసి మిగిలేదెంత? ఆరు కిలోల పళ్లకు కిలో గింజ. దాన్ని వేయిస్తే ఇంకో ఆరో వంతు తరుగు. మీరు పొద్దున్నే తాగే కప్పులో పది గ్రాముల పొడి అనుకుంటే, దాదాపు నలభై పళ్లు, ఎవరో ఒక్కొక్కటిగా చూసి కోసినవి.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. వచ్చేటప్పుడు మనవలకు చూపిద్దామని అయిదారు కిలోల పళ్లు అడిగి తీసుకున్నాను. ప్లాస్టిక్ గోనెలో పోసి డిక్కీలో పెట్టాం. "దారిలో పాడవుతాయి బాబూ" అంటూనే ఉన్నాడాయన. దారిలో అన్నవరం దర్శనం, రాజమండ్రిలో చుట్టాలింట్లో భోజనం, ఇంటికొచ్చేసరికి రాత్రి పది. మూతి విప్పి చెయ్యి పెడితే గోనె లోపల వేడి! అన్నం గిన్నెలో చెయ్యి పెట్టినట్టే. గుప్పున పులిసిన కల్లు వాసన. పిల్లలు ముక్కు మూసుకుని పారిపోయారు. మా ఆవిడ డిక్కీని ఫినాయిలుతో కడిగించింది, నా చేతే.

ఆ రాత్రి అర్థమైంది నాకు. పల్పరు పెరట్లో ఎందుకుందో, భోజనం కూడా చెయ్యకుండా వాళ్లు పనిలోకి ఎందుకు దిగారో. పండు కోసిన క్షణం నుంచి పరుగు మొదలవుతుంది. ఏ బస్తీలోనో పెద్ద ఫ్యాక్టరీ పెట్టి లారీల్లో పళ్లు తోలుకొస్తామంటే ఆ కాఫీ నా డిక్కీలో కాఫీయే.

కాఫీకి మార్కులేసేవాళ్లు రుచి చూడడం కూడా ఒకసారి చూశాను. పెద్ద తతంగం. గ్లాసుకు ఎనిమిది గ్రాముల చిల్లర పొడి, నూట యాభై మిల్లీలీటర్ల వేడినీళ్లు. పాలుండవు, పంచదార ఉండదు. నాలుగు నిమిషాలకు పైన కట్టిన తెట్టును చెంచాతో పక్కకు తోసి, వంగి వాసన చూస్తారు. చల్లారాక చెంచాడు తీసుకుని జుర్రుమని గట్టిగా పీలుస్తారు. మా అమ్మ ముందు అలా చప్పుడు చేస్తే వీపు పగిలేది! వందకు మార్కులేస్తారు. ఎనభై దాటితేనే దాన్ని స్పెషాలిటీ కాఫీ అంటారు. నా పక్కన కూర్చున్నవాళ్లు కమలాపండు అన్నారు, కోకో అన్నారు. నాకు మాత్రం బెల్లం పాకం పొయ్యి మీద నుంచి దింపేటప్పటి వాసన తగిలింది. చెబితే రాసుకున్నారు కూడా.

అరకుకు పేరెలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. నాంది ఫౌండేషన్ అనే సంస్థ తోడ్పాటుతో గిరిజన రైతులు 2007లో సహకార సంఘం పెట్టుకున్నారు. 2017లో పారిస్‌లో 'అరకు' పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. జి.సి.సి. కూడా తన పేరుతో పొడి అమ్ముతోంది. గొప్పే. అయితే నన్ను తోటకు తీసుకెళ్లిన ఆ ఇంట్లో మాకు ఇచ్చింది టీ. కాఫీ తాగరా అంటే ఆ ఇల్లాలు నవ్వి, "పొద్దున్నే అంబలి తాగుతాం బాబూ, కాఫీ అమ్మకానికి" అంది. మన కొబ్బరి రైతులు మాత్రం? కురిడీ కాయ ఇంట్లో కొట్టుకుని తిన్నవాళ్లెందరు?

కురిడీ అన్నాను కదా, అక్కడికే వస్తున్నాను. కోశాక చేసే సేద్యం మనకు కొత్తదేం కాదండి. దింపు తీసిన కాయల్లో ముదురువి ఏరి, అటక మీద పేర్చి, ఎనిమిది నెలలు, ఏడాది ఆగి, లోపల నీరంతా ఇంకి కొబ్బరి పెంకును వదిలి గలగలమనే దాకా ముట్టుకోకుండా కూర్చున్న తాతలు మనవాళ్లు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చెప్పేవారు, అయిందో కాలేదో. ఆ కురిడీ ఉత్తరాదికి వెళ్లి పూజల్లో కూర్చుంటుంది. పచ్చికాయ ధరకూ దానికీ పోలికే లేదు. మరి ఆ పని ఇప్పుడేమైంది? మనకు 1996 నవంబరు 6 తుపాను ఎలాంటిదో, ఆ కొండవాళ్లకు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ అలాంటిది. నీడనిచ్చే సిల్వర్ ఓకులన్నీ కాఫీ మీదే పడ్డాయట. చెట్లు పోయినా చేతిలో పని పోలేదు వాళ్లకు. మనకో? అటకలు ఇళ్లతో పాటు పోయాయి, స్లాబులొచ్చాయి.

పోనీ, అటక మాట వదిలేద్దాం. కొబ్బరి కింద నీడ ఊరికే పోతోందన్నాడే మా కుర్రాడు, అందరి తోటల్లోనూ పోవడం లేదు. చాలామందికి కోకో ఉంది. కాఫీకి చేసే పనంతా కోకోకూ చెయ్యాలి, ఇంకా ఎక్కువే చెయ్యాలి. కాయ కొడితే ముప్పై, నలభై గింజలు తెల్లటి గుజ్జులో ఉంటాయి. ఆ గింజను కుప్పపోసి, అరిటాకులు కప్పి, రెండ్రోజులకోసారి తిరగేస్తూ అయిదారు రోజులు పులియబెట్టాలి. లోపల వేడి నలభై అయిదు డిగ్రీలు దాటాలి. ఆ వేడిలోనే చాక్లెట్ వాసన పుడుతుంది. ఆ తర్వాత నింపాదిగా ఎండాలి.

మనం చేసేదేమిటి? మా ఇంటి సంగతే చెబుతాను, ఎదుటివాళ్ల మీద చెప్పడం దేనికి. కొట్టిన గింజను రెండ్రోజులు గోనెలో ఉంచి, రోడ్డు పక్కన బరకం మీద ఎండేసి, తడి పూర్తిగా ఆరకుండానే తూకానికి పంపాం. కొనేవాడు నాలుగు గింజలు తీసి నిలువునా కోసి చూశాడు. పల్లెత్తు మాట అనలేదు. ధర మాత్రం తగ్గించి రాశాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. కొండ మీద ఆ ముసలమ్మ నా పచ్చికాయలు ఏరిపెట్టాక ఆ కోపం ఎవరి మీద పడాలో తెలిసింది.

2024లో ప్రపంచ మార్కెట్‌లో కోకో టన్ను పదివేల డాలర్లు దాటింది. ఆఫ్రికాలో పంట దెబ్బతింది కాబట్టి. మన దగ్గరా ధర ఎప్పుడూ చూడనంత పెరిగింది. అప్పుడు ఎలాంటి గింజైనా కళ్లకద్దుకుని కొన్నారు. మరుసటేడు ధర పడిపోగానే రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది. న్యాయమైన ధర కోసం అడగాల్సిందే, దాన్ని నేను కాదనను. కానీ ధర పెరగడం, తగ్గడం మన చేతిలో లేదు. గింజ లోపలి రంగు మన చేతిలో ఉంది. ఏలూరు జిల్లా తడికలపూడిలో రైతుల దగ్గర పచ్చి గింజ కొని, పెట్టెల్లో పద్ధతిగా పులియబెట్టే కేంద్రమొకటి నడుస్తోంది. ఆ గింజతో హైదరాబాదులో చేసే చాక్లెట్‌కు పై దేశాల్లో బహుమతులొస్తున్నాయి. తడికలపూడికి చేతనైంది కొత్తపేటకూ, రాజోలుకూ ఎందుకు చేతకాదు?

కాబట్టి కోకో ఉన్న రైతు సోదరులకు ఒక్క మనవి. ఈసారి కాయ కొట్టినప్పుడు కొంత గింజ విడిగా పెట్టి చూడండి. అయిదు కిలోల కుప్ప వేడెక్కదు, ఇరుగు పొరుగు ఇద్దరు ముగ్గురు కలిసి కనీసం యాభై కిలోలు పోగు చెయ్యండి. ఆరు రోజులు పులియనిచ్చి, వారం రోజులు ఆరబెట్టి, కత్తి తీసుకుని పది గింజలు నిలువునా కోయండి. లోపల బూడిదరంగు పలకలా ఉంటే అసలు పులియలేదు. ఊదారంగు ఉంటే సగంలో ఆపేశారు. ముదురు గోధుమరంగుకు తిరిగి, మధ్యలో చీలికలు చీలికలుగా విచ్చుకుని ఉంటే, ఆ బస్తా మిగతావాటిలో కలపకండి. దాని మీద మీ ఊరి పేరు రాయించి, విడిగా బేరం పెట్టండి.